బొటనవేలంత వీరుడికి మట్టిరంగు చొక్కా

ముత్తుకూరులో ఓ ఇల్లు ఊహించుకోండి. దసరా ఇంకో వారం ఉంది. అటక మీంచి ట్రంకుపెట్టె కిందికి దిగింది. పాత పంచెల్లో చుట్టిపెట్టిన కొలువు బొమ్మలు ఒక్కొక్కటే బయటికొస్తున్నాయి. అవ్వ పీట మీద కూర్చుని లెక్క సరిచూస్తోంది. ఆ పక్కనే పదో తరగతి చదివే మనవడు ఇంకో పెట్టె విప్పుకుని కూర్చున్నాడు. అమెరికా నుంచి చిన్నాయన పంపిన పెట్టె అది. నిండా బూడిదరంగు ప్లాస్టిక్ బొమ్మలు. ఒక్కోటీ బొటనవేలంత. కోరలు, కొమ్ములు, గదలు, గండ్రగొడ్డళ్లు!

‘‘ఏంది నాయనా, ఈడు బకాసురుడా?’’ అవ్వ ఒకదాన్ని కళ్లజోడు దగ్గరికి తెచ్చుకుంది.

‘‘కాదవ్వా, ఓర్క్ అంటారు. రంగు మనమే వేసుకోవాలంట.’’

‘‘అయితే ఆ చేత్తోనే మా ఏనుక్కి కూడా వెయ్యి. పాపం, వెలిసిపోయింది.’’

ఆ ఏనుగు అవ్వ పెళ్లయిన కొత్తలో పుట్టింటి నుంచి తెచ్చుకున్న కొండపల్లి అంబారీ. ఒక దంతం విరిగింది. అక్కడక్కడా రంగు పొరలు లేచాయి. దాని పక్కన ఓ మట్టి సిపాయి. పోయినేడు గేటుకు వేయగా మిగిలిన ఎనామిల్ రంగును ఇంట్లోవాళ్లే వీడికి దట్టంగా పట్టించారు. సిపాయి తళతళా మెరుస్తున్నాడు. కానీ ముక్కూ మీసమూ మాత్రం కనిపించడం లేదు. రంగు కింద పూడుకుపోయాయి.

కొత్త ఓర్కు, ముఖం పోయిన సిపాయి, పాత ఏనుగు. మూడింటికీ రంగు వేస్తే బాగుంటుందనే అనిపిస్తుంది. అయితే మూడింటికీ ఒకటే వైద్యం కుదరదు. ఎక్కడ ఎంత వేయాలో, ఎక్కడ అసలు వేయకూడదో తెలిస్తే చాలు. మిగతాదంతా నాలుగు రంగులు, రెండు కుంచెల పని.

ఈ సైన్యం ఎక్కడిది?

చేతిలో ఇమిడే సైన్యంతో ఆడుకోవడం మనకు కొత్తేం కాదు. రథ, గజ, తురగ, పదాతి దళాలతో చతురంగం పుట్టింది ఈ దేశంలోనే. అదే దేశాలు తిరిగి చదరంగమైంది. 1824లో ప్రష్యా సైన్యం బల్లమీద ఆడే యుద్ధంతో తన అధికారులకు వ్యూహాలు నేర్పడం మొదలుపెట్టింది. 1913లో ఆంగ్ల రచయిత హెచ్.జి.వెల్స్ బొమ్మ సిపాయిలతో ఆడే ఆటకు నియమాలు రాసి ‘లిటిల్ వార్స్’ పేరుతో పుస్తకంగా వేశాడు. 1974లో అమెరికాలో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’, 1983లో ఇంగ్లండులో ‘వార్‌హ్యామర్’ వచ్చాయి. వాటితోపాటే రాక్షసులు, మరుగుజ్జులు, మాంత్రికులు ఆటబల్ల ఎక్కారు. ఈ బొమ్మల్లో మనిషి ఆకారం సుమారు 28 మిల్లీమీటర్లు, అంటే అంగుళం పైచిలుకు. చాలావరకు రంగు లేకుండానే వస్తాయి. కొన్నవాళ్లే కూర్చుని రంగులేసుకుంటారు. చాలామందికి ఆటకన్నా అదే పెద్ద సరదా.

రాక్షసులూ మాంత్రికులూ అంటే తెలుగువాళ్లకు ఒకరు చెప్పాలా! పాతాళభైరవి, మాయాబజార్ చూసిన కళ్లు... చందమామలో వడ్డాది పాపయ్య, శంకర్ బొమ్మలు చూస్తూ పెరిగిన కళ్లు. చెక్కకు ప్రాణం పోసే చేతులూ ఇక్కడే ఉన్నాయి. విజయవాడ పక్కన కొండపల్లిలో తెల్లపొణికి అనే తేలికపాటి కర్రతో దశావతారాలు, తాడిచెట్టు ఎక్కే గీతకార్మికుడు, అంబారీ ఏనుగు తయారవుతాయి. కర్రను ముందుగా సన్నని సెగ మీద కాచి తడి లేకుండా చేస్తారు. కాళ్లూ చేతులూ విడివిడిగా చెక్కుతారు. చింతపిక్కల పొడి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆపైన సున్నం పూత. అది ఆరాకే రంగు. మేకవెంట్రుకల కుంచెతో కన్నూ మీసమూ దిద్దడం చివరి పని.

ఇంగ్లండు బొమ్మకైనా కొండపల్లి బొమ్మకైనా వరస ఒకటే. ముందు శుభ్రమైన ఒళ్లు, తర్వాత అడుగుపూత, ఆపైన రంగు, చివర్లో ముఖం. గేటు రంగు పూసిన సిపాయి విషయంలో తప్పింది ఈ వరసే.

నీడ మనమే పెట్టాలి

ఆరడుగుల మనిషి ఎండలో నిలబడితే పంచె మడతల్లో నీడ దానంతటదే పడుతుంది. అంగుళం బొమ్మకు ఆ భాగ్యం లేదు. దాని పంచె మడత లోతు వెంట్రుకవాసి. అందులో నీడ కంటికి ఆనదు. అందుకే ఎంత చక్కగా చెక్కిన బొమ్మయినా ఒకే రంగు పూస్తే ముద్దలా కనిపిస్తుంది. పల్లంలో నీడ, గట్టు మీద వెలుగు రంగుతోనే పెట్టాలి. చిట్టిబొమ్మల చిత్రకారుల విద్యంతా ఈ ఒక్క మాటలో ఉంది.

ఇందుకు మట్టిరంగులకు మించినవి లేవు. పచ్చి ఎరుపు, నిండు నీలం వాటంతటవే కేకలేస్తాయి. వాటి మీద నీడ పెట్టినా కళ్లకు ముందు రంగే తగులుతుంది. మట్టిరంగులు అణకువగా ఉండి చెక్కడాన్ని చూడనిస్తాయి. పైగా అవి త్వరగా వెలిసిపోవు. పసుపుమట్టిలోనూ ఎర్రమట్టిలోనూ రంగునిచ్చేది ఇనుము తుప్పే. ఇక దాన్ని ఎండ ఏం చేస్తుంది! లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీద 16వ శతాబ్దంలో వేసిన చిత్రాల్లో ఎక్కువగా కనిపించేవి ఎరుపు, పసుపుమట్టి ఛాయలు, నలుపు, తెలుపులే. నెల్లూరుకు దగ్గరి శ్రీకాళహస్తిలో కలంకారీ చిత్రకారులు బట్ట మీద గీసే నల్లగీత కూడా ఇనుము చలవే. తుప్పుపట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో నానబెట్టి ఆ నలుపు తీస్తారు.

నాలుగు రంగులు చాలు

స్టేషనరీ దుకాణంలో ఆక్రిలిక్ రంగుల వరసలో ఎల్లో ఆకర్, బర్న్‌ట్ సియెనా, బర్న్‌ట్ అంబర్ అనే పేర్లు కనిపిస్తాయి. మొదటిది పసుపుమట్టి. రెండోది కాల్చిన ఇటుక రంగు. మూడోది ముదురు కాఫీ రంగు. సియెనా అనేది ఇటలీలో ఓ ఊరు. అక్కడి మట్టికి పేరొచ్చి రంగుకూ అదే స్థిరపడింది. ఈ మూడింటికి నాలుగోదిగా తెలుపు. చిటికెడు నలుపు ఉంటే మరీ మంచిది.

ఇంత తక్కువ రంగులతో ఏం చేయగలం అనుకోవద్దు. స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ పసుపుమట్టి, ఒక ఎరుపు, నలుపు, తెలుపు... ఈ నాలుగు రంగులతోనే మనుషుల ముఖాలు గీసి ప్రపంచానికి తెలిసినవాడయ్యాడు. పసుపుమట్టిలో తెలుపు కలిపితే దంతం రంగు, ఎముక రంగు. దానికి కాస్త ఇటుక రంగు తోడైతే చామనఛాయ. పసుపుమట్టిలో నలుపు కలిపి చూడండి. ఆకుపచ్చ సీసా ముట్టకుండానే పాచిపచ్చ వస్తుంది. ఓర్కు ఒంటికి అంతకన్నా ఏం కావాలి! నలుపూ తెలుపూ కలిపిన బూడిదరంగును గోధుమరంగు పక్కన పెడితే లేత నీలంలా కనిపిస్తుంది. ఇనుప కవచానికి అదే సరిపోతుంది.

కంటికి కొట్టొచ్చే రంగు అసలు వద్దని కాదు. ముఖాన బొట్టంత చాలు. తలపాగా అంచో, డాలు మీద చుక్కో. చూపు అక్కడికే వెళ్తుంది.

మూడు పూతల విద్య

ముందు బొమ్మను గోరువెచ్చటి సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టాలి. అచ్చులోంచి వచ్చిన ప్లాస్టిక్ మీద జిడ్డు ఉంటుంది. జిడ్డు మీద రంగు నిలవదు. రెండు అచ్చులు కలిసినచోట సన్నటి గీత తేలి ఉంటే బ్లేడు వెన్నుతో గీకేయాలి. ఆ తర్వాత అడుగుపూత. సముద్రం దగ్గరి ఊళ్లలో గాలిలో తేమ ఎక్కువ. అలాంటి గాలిలో డబ్బాతో చిమ్మే ప్రైమర్ ఒక్కోసారి గరుకుగా, పొడిపొడిగా కూర్చుంటుంది. అందుకని కుంచెతో వేసే ప్రైమరే నయం. కొండపల్లివాళ్ల సున్నం పూత చేసే పని ఇక్కడ ఇది చేస్తుంది.

మొదటిది ఒంటిరంగు. రంగులో నీళ్లు కలిపి పాలంత పలచగా చేసుకోవాలి. ఒక దట్టమైన పూత కన్నా రెండు పలచటి పూతలు మేలు. ఒకటి పూర్తిగా ఆరాకే రెండోది. ఒంటికి ఒకటి, బట్టకు ఒకటి, తోలుకూ కర్రకూ ఒకటి. అంచులు కాస్త అటూఇటూ అయినా కంగారుపడనక్కర్లేదు. తర్వాతి పూత చాలా తప్పుల్ని కడుపులో పెట్టుకుంటుంది.

రెండోది నీడపూత. ముదురు కాఫీ రంగును బాగా నీళ్లగా కలిపి, గిన్నెలు తోమే ద్రవసబ్బు ఒక్క చుక్క వేయాలి. సబ్బు వల్ల నీళ్లు బొట్లుబొట్లుగా నిలవకుండా మడతల్లోకి జారతాయి. ఈ నీళ్లరంగును బొమ్మంతా పట్టించి వదిలేస్తే చాలు. వాన వెలిశాక బండి గాడిలో ఎర్రనీళ్లు నిలిచినట్టు రంగు పల్లాల్లో చేరుతుంది. కనుగుంటలు, వేళ్ల సందులు, గొలుసు కవచంలో రంధ్రాలు అన్నీ ఒక్కసారిగా తేలతాయి. ఎక్కడైనా మడుగు కడితే పొడి కుంచె ఆనించి పీల్చేయాలి. ఆ తర్వాత అరగంటో గంటో... పూర్తిగా ఆరేదాకా చెయ్యి పెట్టకూడదు. పిల్లలకు ఇదే కష్టమైన పరీక్ష!

మూడోది పొడికుంచె. దీనికి కొత్త కుంచె దండగ. వెంట్రుకలు రేగిన పాతదే కావాలి. ఒంటిరంగులో కాస్త తెలుపు కలిపి, కుంచెకు అద్ది, కాగితం మీద దాదాపు ఏమీ అంటనంతవరకు తుడిచేయాలి. ఆ కుంచెను బొమ్మ మీద తేలిగ్గా అటూఇటూ ఆడిస్తే గట్ల మీదే రంగు అంటుతుంది. రొయ్యల గుంట ఎండినప్పుడు చూడండి. మట్టిబెడ్డల అంచుల మీదే ఉప్పు తెల్లగా పేరుకుని ఉంటుంది. లోపలంతా నల్లగానే ఉంటుంది. సరిగ్గా అలాగే. ముక్కు కొస, కనుబొమ, పిడికిలి, మడత అంచు ఎండ పడినట్టు వెలుగుతాయి.

ఈ మూడూ అయ్యాక ముఖం. అంగుళం బొమ్మకు కనుపాప పెట్టబోతే ముప్పాతిక వంతు మెల్లకన్నే వస్తుంది. కొత్తవాళ్లు కనుగుంటలో నీడ ఉంచి వదిలేయడమే మంచిది. చేతి దూరం నుంచి చూస్తే అది కన్నులాగే ఉంటుంది.

ఇక కాళ్ల కింద నేల. పీఠం మీద తెల్లజిగురు రాసి ఇసుక చల్లాలి. కృష్ణపట్నం తీరం ఇసుక చేతికందుతుంది కదా అని అలాగే వాడితే చిక్కే. అందులోని ఉప్పు తేమను లాగుతుంది. మంచినీళ్లతో నాలుగుసార్లు కడిగి, ఎండబెట్టి, జల్లించి వాడాలి. దానికీ అవే మూడు పూతలు. చివరగా బొమ్మంతా మెరుపులేని వార్నిష్ ఒక పూత. చేతి చెమటకు రంగు పోకుండా అదే కాపాడుతుంది.

పెరట్లో రంగుల బట్టీ

సెలవు రోజున పిల్లలతో చేయదగ్గ పని ఇంకోటుంది. నెల్లూరు జిల్లా పడమటి మండలాల్లో ఎర్రనేలలు ఉన్నాయి. అటు వెళ్లినప్పుడు గుప్పెడు మట్టి తెచ్చుకుని నీళ్లలో బాగా కలపాలి. ఒక నిమిషం ఆగితే ఇసుక అడుక్కి దిగుతుంది. పైన తేలే రంగునీళ్లను పాతబట్టలో వడగట్టి మరో గిన్నెలోకి ఒంపాలి. రాత్రంతా కదపకుండా ఉంచితే మెత్తటి మట్టి పేరుకుంటుంది. దాన్ని ఆరబెట్టి, తుమ్మజిగురు నీళ్లతో నూరితే మీ ఊరి రంగు సిద్ధం. పసుపుమట్టి దొరికితే ఇంకా తమాషా. పెద్దవాళ్లు దగ్గరుండి, ఆరుబయట, వంటకు వాడని పాత ఇనుప పెనం మీద బాగా వేయిస్తే అది కళ్ల ముందే ఎర్రబారుతుంది. మట్టిలోని ఇనుముతో ముడిపడి ఉన్న నీరు సెగకు పోవడమే అందుకు కారణం. బర్న్‌ట్ సియెనా పేరులోని ‘బర్న్‌ట్’ అర్థం ఆ పెనం మీద తెలిసిపోతుంది.

అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక లక్కబొమ్మలది ఇంకో దారి. చెట్ల నుంచి తీసిన సహజ రంగులను లక్కలో కలిపి, తిరిగే కొయ్యకు పట్టిస్తారు. ఆ సహజ రంగుల కోసం ఏళ్ల తరబడి పాటుపడిన సీవీ రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పసివాళ్లు బొమ్మను ముందు నోట్లోనే పెట్టుకుంటారు. బొమ్మకు వేసే రంగు ఏమిటన్నది అందుకే చిన్న ప్రశ్న కాదు.

గేటు రంగుతో జాగ్రత్త

సిపాయికి పూసిన ఎనామిల్ డబ్బా ఏ ఏటిదో ఎవరూ చూడలేదు. చూడాలి. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పదిలక్షల వంతుల్లో 90 వంతులకు మించకూడదని కేంద్ర ప్రభుత్వం 2016లో నియమాలు చేసింది. అవి 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకుముందు కొని అటక మీద దాచిన డబ్బాల్లో సీసం పాలు ఎక్కువ ఉండొచ్చు. సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. అందువల్ల పాత ఎనామిల్ పూసిన బొమ్మను గరుకుకాగితంతో గీకడం, ఊదడం వద్దేవద్దు. ఆ ధూళే ప్రమాదం. సబ్బునీళ్లతో తుడిచి, నునుపు మీద పట్టు దొరికే ప్రైమర్ వేసి, దాని మీద కొత్తగా మొదలుపెట్టాలి. పూడిపోయిన ముక్కూ మీసాలను మళ్లీ చెక్కలేకపోయినా నీడా వెలుగులతో గీసి రప్పించవచ్చు. అయితే ఆ బొమ్మ కొలువు మెట్టుకే పరిమితం. పసిపిల్లల చేతికి ఇవ్వకూడదు.

మరికొన్ని జాగ్రత్తలు. కుంచె కొసను నోట్లో పెట్టి సాగదీసే అలవాటు మానాలి. మట్టిరంగులే అయినా ముదురు కాఫీ రంగులో మాంగనీసు ఉంటుంది. పొడిరంగు నూరేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. కుంచెలు కడిగే గ్లాసు వేరుగా ఉండాలి. పక్కనే టీ గ్లాసు పెట్టుకుంటే ఎప్పుడో ఒకప్పుడు కుంచె అందులోనే మునుగుతుంది! అంగుళం బొమ్మలు మూడేళ్లలోపు పిల్లలకు అందకూడదు. గొంతులో ఇరుక్కుంటాయి. ఎండాకాలంలో రంగు త్వరగా గడ్డకడితే, టిఫిన్ డబ్బా మూతలో తడి గుడ్డ పరిచి, దాని మీద కేకులు కాల్చేటప్పుడు వేసే బటర్ పేపరు వేసి రంగు కలుపుకోవచ్చు. గంటల తరబడి పచ్చిగా ఉంటుంది.

మరి ఏనుగు సంగతి?

ఓర్కు తేలాడు. సిపాయి లేచాడు. మిగిలింది అవ్వ అంబారీ. మనవడికి చెయ్యి తిరిగింది కాబట్టి దీన్నీ అదే మూడు పూతల్లో ముంచాలనిపించడం సహజం. అక్కడే ఆగాలి.

పాత కొండపల్లి బొమ్మ మీదున్న రంగు ఏదో కళాకారుడి చెయ్యి. పొరలు లేచినా, వెలిసినా అది అతని గీతే. దాని మీద కొత్తరంగు వేస్తే అది ఇక ఎప్పటికీ కనిపించదు. కాబట్టి ముందు మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులపాలి. తర్వాత కనిపించనిచోట, కడుపు కిందో పాదం అడుగునో, కాస్త తడిపిన దూదిని ఆనించి చూడాలి. దూదికి రంగు అంటితే నీళ్లు తగలనివ్వకూడదు. పొడి తుడుపుతోనే సరిపెట్టాలి. విరిగిన దంతానికి గట్టిగా పట్టేసే ఇన్‌స్టంట్ జిగుర్లు వాడకూడదు. చింతపిక్కల మక్కు అయితే పాత పనితో కలుస్తుంది. రేపు ఇంతకన్నా బాగా చేసేవారు వస్తే తీసి మళ్లీ పెట్టడానికీ వీలుంటుంది. కొత్త దంతానికి మాత్రం పసుపుమట్టీ తెలుపూ కలిపిన రంగు ఒక్క పూత. పాత దంతం కన్నా అర ఛాయ తక్కువే వేయాలి.

కొలువు అయ్యాక సర్దేటప్పుడు ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి బిగిస్తే తేమ లోపలే ఉండిపోతుంది. ఉప్పుగాలి ఊళ్లలో అవ్వలు మొదటినుంచీ చేసిన పనే మంచిది. ఉతికి ఎండబెట్టిన పాత నూలుపంచెలో చుట్టి, మధ్యలో ఎండు వేపాకు వేసి, నేలకు తగలకుండా ఎత్తున పెట్టాలి.

నవరాత్రుల మొదటి రోజు. మెట్ల మీద తెల్లదుప్పటి పరిచారు. పైన దేవుళ్లు, మధ్యలో పెళ్లివారు, కింద సంతా బండీ బావీ. సిపాయికి మీసం తిరిగొచ్చింది. ఏనుగు కొంచెం వెలిసే ఉంది కానీ దంతాలు రెండూ ఉన్నాయి. అవ్వ దాన్ని అటూఇటూ తిప్పి చూసి, ఏది పాతదో ఏది కొత్తదో పోల్చుకోలేక రెండూ తడిమింది.

‘‘మరి ఈ పాచిరంగోడిని ఏ మెట్టు మీద పెడదాం అవ్వా?’’

‘‘బకాసురుడు కదా. ఆ అన్నం బండి పక్కన పెట్టు. దారి తప్పకుండా సిపాయి కాపలా ఉంటాడు.’’